గేటు దాటని పిండం

మా చిన్నాన్న గవరయ్య పోయిన సంగతి నాకు తెలిసేసరికి ఆరు రోజులు దాటాయి. రబ్బరు తోట గుమాస్తా ఇచ్చిన తంతిలో పిన్ని మాట ఒక్కటే ఉంది: పదోరోజుకి వచ్చి పిండం పెట్టమని. పిండం పెట్టవలసింది కొడుకు. చిన్నాన్నకు కొడుకున్నాడు, సూరి. తోటల్లో కూలీ సంఘాలను మూసేసి, సంఘంలో తిరిగినవాళ్ళ కోసం పోలీసులు వెతకడం మొదలుపెట్టిన ఏడు వాడు ఇల్లు విడిచి వెళ్ళాడు. అడవిలో సర్కారు మీద తిరగబడ్డవాళ్ళతో చేరాడని తోటంతా అనుకుంది. పిన్ని మాత్రం అడిగినవాళ్ళందరికీ సింగపూరులో పని చేస్తున్నాడని చెప్పేది. అడవిలో ఉన్నవాళ్ళ ఇంటివాళ్ళను ఓడెక్కించి ఇండియాకు పంపేస్తున్న రోజులవి. పిన్ని పుట్టింది ఈ మలయ్ గడ్డమీదే, పేరాక్‌లో. ఇండియా ఆమె చూడనే లేదు.

చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే నన్ను పెంచింది వాళ్ళిద్దరే. కనుక కొడుకు స్థానంలో కూర్చోవడానికి నేను ఆలోచించలేదు. పని అయ్యాక పిన్నిని మాతోపాటే ఉంచుకుందామని మా ఆవిడ చెప్పి పంపింది.

నేను కాపురముండే జార్జ్ టౌన్ రైల్వే జెట్టీలో ఉదయం ఆరున్నరకు ఫెర్రీ ఎక్కాను. అవతలి ఒడ్డున ప్రాయ్‌లో రైలు ఎనిమిదికి. మూడో తరగతి టిక్కెట్టు ఎనిమిది డాలర్ల లోపే. రాత్రి బండి గురించి మా ఇంట్లో మాట కూడా ఎత్తనివ్వలేదు. అడవిలోవాళ్ళు పట్టాలు పీకేస్తున్న కాలం. పగటి బండికి ముందు కూడా ఒక చిన్న ఇంజను, దారి బాగుందో లేదో చూడడానికి, వెళుతూ ఉండేది. వెనక పెట్టెలో తుపాకులతో పోలీసులు.

నాకెదురుగా తైపింగ్ వెళ్ళే చీనా తౌకే, అంటే వ్యాపారి, కూర్చున్నాడు. నేను రబ్బరు గిడ్డంగిలో తూకాలు చూస్తానని తెలియగానే దగ్గరకు జరిగాడు.

"కొరియాలో యుద్ధం ఆగింది, మన వ్యాపారం చచ్చింది, లా," అన్నాడు, ఇక్కడి అలవాటుగా మాట చివర "లా" తగిలించి, మలయ్‌లో.

"మనుషులు చావడం ఆగింది కదా తౌకే, మంచిదేగా?"

"మంచిదే. మంచికి బజారులో ధర లేదు, లా," అని తన అరటిపండ్లలో ఒకటి నాకిచ్చాడు.

అతను చెప్పింది నాకు కొత్త కాదు. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళు. మిగతా లెక్కలన్నీ గిడ్డంగి గోడమీద సుద్దతో రాసే ధర చూసి నేర్చుకున్నవే. ఆ ధర పుట్టేది న్యూయార్కులో. మా నాన్న, చిన్నాన్న విశాఖపట్నం జిల్లా నుంచి ఓడెక్కిన కాలానికి అమెరికాలో మోటారు కార్లు చేయడం జోరందుకుంది. కారుకి నాలుగు చక్రాలు, చక్రానికి రబ్బరు. ఆ రబ్బరు కోసం ఒక అమెరికా కంపెనీ కెడా వైపు కొండలు కొని అడవి కొట్టించింది. అన్నదమ్ములిద్దరూ అక్కడే గొడ్డలి పట్టారు. మా నాన్న చలిజ్వరంతో అక్కడే పోయాడు. ఆ తరవాత ఏడు దొర దోమతెరలున్న ఆసుపత్రి కట్టించాడు. చాలా మంచి ఆసుపత్రి అని చిన్నాన్న ఎప్పుడూ మెచ్చుకునేవాడు; ఆ మెప్పులో వెక్కిరింత ఉందో లేదో నాకు ఎన్నడూ తెలియలేదు.

మొదటి యుద్ధంలోకి అమెరికా దిగాక రబ్బరుకు ఓడలు దొరకలేదు. షీట్లు కొట్లో గుట్టలుగా పడ్డాయి, కూలీలను తగ్గించారు. యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకు ధర మళ్ళీ పడింది. అప్పుడే చిన్నాన్న నన్నూ పిన్నినీ వెంటబెట్టుకుని దక్షిణానికి, బటాంగ్ బెర్జుంటై వైపు తోటకు వచ్చాడు. "అమెరికావోడి కారు నడిస్తే మనకి కూడు, ఆగితే పస్తు. ఆడికి మనం తెలీదు, మనకి ఆడు తెలీదు," అనేవాడు. బతికినన్నాళ్ళలో ఆయన కారు ఎక్కలేదు.

కౌలాలంపూరు చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. రాత్రికి బ్రిక్‌ఫీల్డ్స్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న మా బావమరిది సింహాచలం ఇంట్లో దిగాను. పిండానికి బియ్యం కొని పట్టుకెళతానంటే అతను నవ్వాడు.

"బియ్యమేటి బావా! గింజ దొరికితే జైలే. ఆ పక్క తోటల్లో ఇప్పుడు ఎవులింట్లోనూ పొయ్యి లేదు. ఒక్క వంటసాల, కార్డుకింత అన్నం. కంచె లోపల తినాల, అంతే."

అడవిలో ఉన్నవాళ్ళకు తిండి చేరకుండా చేసిన ఏర్పాటు అది. చివరికి గుడి అయ్యగారి దగ్గర చారెడు నల్ల నువ్వులు, నాలుగు దర్భలు మాత్రం తీసుకున్నాను.

మర్నాడు ఎనిమిది గంటల బస్సు. దారిలోనే తినెయ్యమని చెల్లెమ్మ, సింహాచలం భార్య, కట్టిన పులిహోర పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాను. బటాంగ్ బెర్జుంటైకి ముందు తనిఖీ. అందరినీ దింపారు. పులిహోర అక్కడే తినాలి, లేదా పారేయాలి. అందరూ చూస్తుండగా రోడ్డు పక్కన నిలబడి తిన్నాను. కానిస్టేబులు నువ్వుల పొట్లం విప్పాడు.

"ఇది ఎవరికి?"

"చచ్చిపోయినవాళ్ళకి."

మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టాడు.

తోట గేటు దగ్గర దిగేసరికి పదకొండు. నేను పెరిగిన కూలీ ఇళ్ళ లైన్లు అక్కడ లేవు. మూడు చోట్ల ఉన్న ఇళ్ళను విప్పి ఒక్కచోట చేర్చి, చుట్టూ రెండు వరసల ముళ్ళకంచె వేశారు. నది కంచెకు అవతల, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. పొద్దున కూలీలు రబ్బరు చెట్ల గీతకు వెళ్ళేటప్పుడు గేటులో ఒళ్ళు తడిమి పంపేవాళ్ళు. నీళ్ళు తప్ప ఏదీ బయటికి పోకూడదు.

పిన్ని నన్ను చూసి ఏడవలేదు. ఆమె నాకంటే ఎనిమిదేళ్ళే పెద్ద. ఆరోజు మా అమ్మమ్మంత ముసలిదానిలా కనిపించింది.

"అప్పన్నా, ఏటి ఇంత సిక్కిపోనావు?" అంది.

చిన్నాన్న కార్డు ఆయన పోయిన మర్నాడే కొట్టేశారు. పిండానికి కావలసిన అన్నం పిన్ని తన వాటాలోంచే తీయాలి. ముందురోజు సాయంత్రం నుంచి ఆమె నోట్లో మెతుకు పెట్టలేదని పక్కింటి రావులమ్మ చెప్పింది.

పదోరోజు పొద్దున వంటశాలలో ఇచ్చిన అన్నం అరటాకులో కట్టుకుని గేటుకి వెళ్ళాం. ఇరవై మంది దాకా వచ్చారు. గేటులో మలయ్ కార్పొరల్ ఉన్నాడు, నడివయసు మనిషి. ఆకు విప్పమన్నాడు. నేను సంగతి చెప్పాను. నది ఒడ్డున మూడు ముద్దలు పెడతాం, కాకి ముట్టగానే స్నానం చేసి వచ్చేస్తాం, మీరు వెంట వచ్చి చూడండి అన్నాను.

"కాకి మూడూ తింటుందా అణ్ణే? మిగిలింది?"

"అక్కడే వదిలేస్తాం. అది మా ఆచారం."

"అదే నా బాధ. మీరు వదిలేసి వస్తారు. చీకటి పడ్డాక ఎవడు వచ్చి తింటాడు?" పిన్ని వైపు చూశాడు. "ఈమె కొడుకు సింగపూరులో ఉన్నాడని కాగితాల్లో ఉంది. మంచిదే. నాకూ ఉద్యోగం ఉంది, లా."

నేను ఆ మాట పిన్నికి చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"సచ్చినోడి కూడు బతికినోడికి ఏ తల్లైనా పెడతాదేటి? తండ్రి పిండం కొడుకు తింటాడేటి? ఈడికి అమ్మ నేదా? అడగరా!"

ఆమె అన్నది ఏ తెలుగు ఇంట్లోనైనా చిన్నపిల్లకు కూడా తెలిసిన సంగతి. పిండం అన్నం ఆకలితో చచ్చేవాడైనా ముట్టడు, వాడి తల్లి ముట్టనివ్వదు. ఆ ఒక్క మాట మలయ్‌లో చెబితే చాలు, కార్పొరల్ అనుమానం తీరేది. కానీ చెప్పలేను. ఆ కొడుకు ముట్టడు అంటే, ముట్టేంత దగ్గరలో వాడున్నాడని నా నోటితో ఒప్పుకున్నట్టే. పిన్నికి కూడా అది తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కుదరదంటున్నాడు పిన్నీ," అన్నాను.

దొరను అడగడానికి గుమాస్తా వెళ్ళాడు. అరగంటకు తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు. కంచె లోపల ఎక్కడైనా చేసుకోవచ్చట.

లోపల పారే నీరంటే వీధి కుళాయి ఒక్కటే. కుళాయి తిప్పి కాలవలో నీళ్ళు వదిలారు. దాని గట్టున ఇసుక పరిచి, నువ్వులు కలిపి, మూడు పిండాలు పెట్టాను. పిండాలు నిమ్మకాయలంత ఉన్నాయి. అంతకంటే చేయడానికి అన్నం లేదు. కార్పొరల్ తుపాకీ భుజాన వేసుకుని వెనకాలే వచ్చి, మనుషులు పది అడుగులు వెనక్కి జరిగితే తనూ జరిగి నిలబడ్డాడు.

కాకులు కంచె స్తంభాల మీద వాలాయి. కిందికి దిగలేదు.

మనవాళ్ళకు తెలిసిందే. కాకి ముట్టకపోతే పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. దగ్గరివాళ్ళు ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇవ్వాలి. మొదట నేను వెళ్ళాను. "చిన్నాన్నా, పిన్నిని నా ఇంట్లో పెట్టుకుంటాను. ఏ లోటూ రానివ్వను," అన్నాను. కాకి కదల్లేదు. రావులమ్మ మొగుడు తను తీసుకున్న పలుగు తిరిగి ఇచ్చేస్తానన్నాడు. ఎవరో ముసలాయన, "కల్లు కావాలేమోరా గవరయ్యకి! కార్డు మీద కల్లు ఇవ్వరు మరి!" అన్నాడు. నలుగురూ నవ్వి, వెంటనే ఆపేశారు.

ఎండెక్కింది. అన్నం మీద ఈగలు ముసురుతున్నాయి. అక్కడున్న అందరికీ ఆయన మనసులో ఉన్నదేమిటో తెలుసు. ఆ పేరు ఎనిమిదేళ్ళుగా ఆ లైన్లలో ఎవరూ పైకి అనలేదు. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. గుమాస్తా తమిళుడు, పక్కనే ఉన్నాడు. కార్పొరల్ ఉన్నాడు.

నేను పిన్ని దగ్గరికి వెళ్ళి, "వద్దు పిన్నీ. లోపలికి పోదాం పద. కాలవలో కలిపేస్తే చాలు," అన్నాను.

ఆమె నా చెయ్యి తోసేసింది. పిండాల దగ్గరకు వెళ్ళి గొంతుక్కూర్చుంది. మామూలు గొంతుతో, ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఇదిగో, నీకే సెప్తన్నాను. సూరిగాడు వత్తే నాను తలుపు తీత్తాను. ఏ యేళప్పుడు వచ్చినా తీత్తాను. నా కూడు ఆడికి పెట్టి నాను పస్తుంటాను. ఎవుడు కొట్టినా నాకు బయం నేదు. ఇంక ఎల్లు నువ్వు."

కంచె మీంచి ఒక కాకి దిగింది. అటూ ఇటూ గెంతి, మధ్య పిండంలోంచి ముక్కు నిండా అన్నం తీసుకుని కంచె మీదుగా నది వైపు ఎగిరిపోయింది. ఆడవాళ్ళు బావురుమన్నారు. పిన్ని కూడా అప్పుడే ఏడ్చింది.

కార్పొరల్ నా దగ్గరకు వచ్చాడు.

"ఏమంది?"

"నా గురించి బెంగపెట్టుకోవద్దు, వెళ్ళు అని మొగుడికి చెప్పింది."

"అంతేనా? చాలా మాటలు మాట్లాడింది."

"మావాళ్ళు ఎక్కువ మాట్లాడతారు."

అతను గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తాకు తెలుగు వచ్చు; ఆ లైన్లలోనే ఇరవై ఏళ్ళుగా హాజరు పిలుస్తున్నవాడు. వంగి చెప్పులో రాయి దులుపుకుని, "అంతే. నేనూ విన్నాను," అన్నాడు. కార్పొరల్ కాసేపు కాలవలోకి చూసి, గేటు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నేను బట్టల మూట కట్టమంటే పిన్ని కట్టలేదు.

"మాట ఇచ్చినాను గదా నాయినా. నాను నీతో వచ్చేస్తే ఆ తలుపు ఎవులు తీత్తారు?"

"నేనూ మాట ఇచ్చాను పిన్నీ."

"నీ మాటకి కాకి దిగనేదు," అంది, నవ్వబోయి.

నా సంచి ఒక్కటే తీసుకుని లేచాను. మూడింటి బస్సుకు గేటు దాకా వచ్చింది. కంచెకు ఇవతల నేను, అవతల ఆమె.

"దారిలో ఎవులైనా ఆపి అడిగితే, ఇంట్లోనే ఉన్నానని సెప్పు."

మర్నాడు తిరుగు బండిలో జనమంతా మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, గురించే మాట్లాడుకుంటున్నారు. వచ్చే ఏడే అంటున్నారు. జెండా రంగులేమిటో, ఇండియావాళ్ళకు ఇక్కడి పౌరసత్వం ఇస్తారో లేదో వాదించుకుంటున్నారు. ఈపో నుంచి ఎక్కిన తమిళ మేస్త్రి ఒకాయన నన్నూ అడిగాడు. నాకు తోచింది చెప్పాను: దేశం ఎవరిదైనా రబ్బరు ధర న్యూయార్కులోనే పుడుతుంది, మన పిల్లలు గీత కత్తి పట్టుకోకుండా బడికి వెళితే ఆ ధర ఎందుకు పడుతుందో అడగగలరు. ఆయన తలూపాడు. ఆ ప్రశ్న మొదటిసారి సంఘంలో లేచి అడిగినవాడు మా సూరి అని మాత్రం చెప్పలేదు.

తోట దగ్గర బస్సెక్కినప్పుడూ, ఈ రైల్లోనూ నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. అడవిలోంచి చూసేవాడికి మనిషి ఆనవాలు తెలిసేలా తల కొంచెం బయటపెట్టే కూర్చున్నాను. దారికి రెండు వైపులా అడవి, రబ్బరు, మళ్ళీ అడవి. రైలు చాలాచోట్ల ఆగింది. ఎవరూ అడగలేదు.