అమ్మ చెయ్యి తిరిగిచ్చిన మాత్రలు

బర్మాలో మా పజుండౌంగ్ వీధిలో ఎవరింట్లో దయ్యం తిరుగుతోందన్నా మొదట నవ్వేది నేనే. అప్పడాలు, మసాలాలు అమ్ముకునేదాన్ని, నాకు దయ్యాలతో ఏం పని? ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మా అమ్మ బర్మా మనిషి, నాన్న తెలుగువాడు. పొద్దున్నే బుద్ధుడికి పూలు పెట్టి, మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న చేపల పులుసు కాచేది. నన్ను పేరుతో పిలిచేది కాదు, 'తమీ' అనేది, అంటే కూతురా అని. నాన్న మాత్రం ఎప్పుడూ 'అమ్మడూ' అనేవాడు.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఏదైనా ఇచ్చేటప్పుడు ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద ఆనించి ఇస్తారు. అమ్మ మందు ఇచ్చేటప్పుడు చిన్నపిల్లనైన నాకూ అలాగే ఇచ్చేది. మందుకు మర్యాద చెయ్యకపోతే అది పనిచెయ్యదట. నాన్న పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

నాన్న లమ్మడా పేటలో గోదాం మెట్ల మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి మార్ఫిన్ జాతి నొప్పి మాత్రలే ఆధారం. ఏళ్ళ తరబడి పూటపూటా అమ్మే వాటిని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన లేచి నడిస్తే నిప్పులు తొక్కిస్తానని అప్పట్లో అమ్మ అమ్మవారికి మొక్కుకుంది. ఆయన లేచి నడిచాడు గానీ, మొక్కు తీరకుండానే అమ్మ చనిపోయింది. ఆ దిగులుతో నాన్న కిందటేడు నిప్పులు తొక్కే దీక్షకు కంకణం కట్టించుకున్నాడు. దీక్షలో మత్తు ముట్టకూడదు.

"కల్లూ ఇదీ ఒకటే గదేటి" అంటూ మాత్రలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశాడు.

మర్నాటికల్లా ఒళ్ళంతా చెమట, వణుకు, ఆగని ఆవలింతలు. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు అమ్మవారు పూనిందన్నారు. పసుపునీళ్ళు చల్లి, వేపమండలు పట్టుకుని "ఎవులు తల్లీ నువ్వు?" అని అడిగారు. ఆయన వాంతి చేసుకున్నాడు. ఏదీ నమ్మనిదాన్ని, నేనూ హారతి పట్టాను.

వారం తిరిగేసరికి వాంతులు తగ్గాయి. నొప్పి మాత్రం రెట్టింపై కూర్చుంది. కంటి మీద కునుకు లేదు. ఆ పొద్దున మాత్రల కోసం నన్ను బతిమాలి, బతిమాలి, చివరికి గోడ వైపు తిరిగి "సచ్చిపోతే నయం అమ్మడూ" అన్నాడు. దీక్ష పక్కన పెట్టి పరిగెత్తి ఆ మాత్రలే కొనుక్కొచ్చాను. అమ్మ పూటకు ఎన్ని ఇచ్చేదో అన్నీ ఆయన అరచేతిలో పోశాను.

మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. కింద వీధిలో రిక్షా గంట వినబడుతోంది. నాన్న మాత్రల వంక చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి కుడి మోచేతి కింద ఆనించి, వాటిని నా చేతిలో తిరిగి పెట్టాడు.

"అన్నీ ఒద్దు తమీ. డాక్టర్ని అడుగు."

గొంతు నాన్నదే. పిలుపు అమ్మది. అలాగే టాక్సీలో ఎక్కించుకుని వెళ్ళాను.

డాక్టరమ్మ ఇద్దర్నీ దులిపేసింది. ఏళ్ళ తరబడి వాడినవాటిని ఒక్కసారిగా మానకూడదట. అన్నాళ్ళు మానేసిన ఒంటికి మళ్ళీ పాత మోతాదు పడితే ఊపిరే ఆగిపోవచ్చట. కొద్దిగా మొదలుపెట్టి, నెలల మీద మెల్లగా తగ్గించుకుంటూ వస్తోంది. నిప్పులు తొక్కడానికి ఒప్పుకోలేదు. ఇప్పుడు నాన్న కొట్టు గుమ్మంలో కూర్చుని నా బేరాలు చెడగొట్టేంత బాగున్నాడు.

పాత మోతాదు సంగతి నాకు తెలీదు, ఆయనకూ తెలీదు. అమ్మకు తెలిసే వీలే లేదు. నీరసంలో ఎప్పుడో చూసింది చేశాడంటారు మా వాళ్ళు. సరే, ఒప్పుకున్నాను. అంత నొప్పిలో, చేతిలో పడిన మాత్రల్ని తిరిగివ్వడం ఎవరి తరం? నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

నాన్నకు ఆ మధ్యాహ్నం గుర్తే లేదు, నేను చెబితేనే తెలిసింది. ఇప్పుడు మాత్ర ఇచ్చేటప్పుడు నేనూ మోచేతి కింద చెయ్యి ఆనిస్తాను. ఆయన నవ్వడు. మాత్రను అరచేతిలోనే ఉంచుకుని అడుగుతాడు.

"మీయమ్మ నీతో మాటాడింది గదా. నాకేటీ సెప్పలేదేటి?"

ఆవిడ మాట్లాడింది ఆయన నోటితోనే.