మడ అడవిలో కాలువ పాఠం

మా స్కూలు ప్రహరీగోడకి అవతల వరిచేను, ఇవతల ఆరో తరగతి. ఒకరోజు వరి మొక్క బొమ్మ వెయ్యమంటే పిల్లలందరూ గైడు తెరిచి అందులో ఉన్నదాన్ని అచ్చు గుద్దినట్టు దించారు. ఆ గైడులో వెన్ను గోధుమ వెన్నులా ఉంది. మండపేట చుట్టుపక్కల పుట్టి, మూడు పూటలా అన్నం తినే పిల్లలు గోధుమ గీసి కింద వరి అని రాశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాక్‌పీసు బల్లమీద పడేసి, "లేవండి, పుస్తకాలు ముయ్యండి" అని అందర్నీ చేనుగట్టు మీదికి తోలుకుపోయాను. నా బయటి పాఠాలు అలా మొదలయ్యాయి. గొప్ప ఆశయం ఏమీ లేదు, ఒట్టి కోపం.

తర్వాత అదే వ్యసనమైంది. కాలువగట్టు, మినపచేను, ఇటుకల బట్టీ పక్కన మట్టిదిబ్బ, ఎక్కడికైనా సరే తీసుకెళ్ళేదాన్ని. క్లాసులో నోరు విప్పని పిల్లలు గట్టెక్కగానే ప్రశ్నలతో నన్ను కాల్చుకు తినేవారు. ఆ సంతోషం మరిగాక నల్లబల్ల ముందు నిలబడబుద్ధి కాలేదు. మడ అడవి చూపిస్తానని ప్రిన్సిపాల్ గారి చుట్టూ ఏడాది తిరిగాను. ఆయన చివరికి సంతకం పెడుతూ, "ఏ కాస్త తేడా వచ్చినా ఇదే ఆఖరండి మేడమ్. ఇంక ఆ చేనుగట్టు మీదికి కూడా పంపను" అన్నారు. తలూపి కాగితం లాక్కున్నాను.

బస్సులో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, నేను, మా స్కూలు ఆయమ్మ. యానాం రాగానే పిల్లలు బ్రాందీ షాపుల బోర్డులు కూడబలుక్కుని గట్టిగా చదవడం మొదలుపెట్టారు. వాళ్ళకి చదువొచ్చినందుకు నేను బాధపడింది ఆ ఒక్కరోజే. నా మెడలో కొత్త విజిల్. ఆయమ్మ ఒళ్ళో పులిహోర గిన్నె. ఆవిడ పుట్టిల్లు ఆ తీరంలోనే, చేపల వేటకి వెళ్ళేవాళ్ళ ఇల్లు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పిల్లలకి అన్నాలు పెట్టడానికే ఆవిణ్ణి తెచ్చుకున్నాననుకున్నాను.

బస్సు రోడ్డు మీద ఆపించి కొంతదూరం నడిచాక ఒక సన్నటి పాయ అడ్డొచ్చింది. చీలమండ లోతు నీళ్ళు. అవతల మెరక మీద మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, ఒక ముందుకాలి డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు. చెప్పులు బురదలో దిగబడతాయని ఇవతలి ఒడ్డునే వరసగా విప్పించి పిల్లల్ని దాటించాను. దాటాక వెనక్కి తిప్పి, నీళ్ళకి రెండు మూరల పైన ఒడ్డు మీదున్న తడి చూపించాను.

"ఆ తడి చూశారా? నీళ్ళు అక్కడిదాకా ఉండేవి. ఇప్పుడు తగ్గాయి. మళ్ళీ వంతు వచ్చేదాకా రావు. రాసుకోండి."

నేను కాలువల కింద పుట్టినదాన్ని. మా నాన్న దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతుల ప్రకారం నీళ్ళు పెట్టుకునేవాడు. మా నీళ్ళు లాకుల దగ్గర తలుపులు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి, ఎప్పుడూ ఒకే వైపుకి పోతాయి. గట్టు మీద తడి కనిపించిందంటే వంతు అయిపోయినట్టే, మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ వైపు చూడక్కర్లేదు. పక్కనే సముద్రం ఉందనీ దానికి లాకులు లేవనీ నా బుర్రకి తట్టనే లేదు. పైగా సైన్సు టీచర్ని. సముద్రపు పోటు గురించి ఏటేటా చంద్రుడి బొమ్మతో సహా బోర్డు మీద వేస్తాను.

పీతల దగ్గర కూర్చున్నాక నాకు లోకం తెలియలేదు. కాసేపటికి ఆయమ్మ నా పక్కకొచ్చింది.

"టీచరుగారూ, పోటు తగిలిందండి. నీళ్ళు ఎనక్కి తిరిగేయి. ఎళ్ళిపోదారండి."

"పది నిమిషాలు ఆయమ్మా, పాఠం మధ్యలో ఉంది."

ఆ పది నిమిషాలు ఎంతసేపయ్యాయో నాకే తెలియదు. ఆవిడ మళ్ళీ వచ్చి "టీచరుగారూ" అంది. మొహం తిప్పకుండానే చెయ్యెత్తి ఆపాను.

"టీచర్, మన చెప్పులు వెళ్ళిపోతున్నాయి" అన్నాడు వెనక నుంచి ఒకడు.

నిజంగానే వెళ్ళిపోతున్నాయి. సముద్రం వైపు కాదు, ఊరి వైపు. చీలమండ లోతు పాయ పిల్లల నడుముదాకా వచ్చేసింది. ఫోను తీస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. "అందరూ చేతులు పట్టుకోండి, దాటేద్దాం" అని నేనే ముందు దిగబోయాను. ఆయమ్మ నా రెక్క పుచ్చుకుని వెనక్కి లాగింది.

"దిగకండి. అడుగున బురద కాలు పట్టేత్తది. పైన నీళ్ళు లాగేత్తుంటాయి. పిల్లలు ఆగలేరండి."

"ఇక్కడే ఉంటే మునిగిపోమా?"

"ఈ మెరక మునగదండి. ఆ చెట్లకి బురద చార ఎక్కడుందో చూడండి. మనం దానికన్నా పైనున్నాం. కూర్చోండి. ఈ పోటుతోనే మావోళ్ళు వేట నుంచి తిరిగొత్తారు."

నేను చదివినట్టే ఆవిడా నీటి గుర్తునే చదివింది. తేడా ఏమిటంటే ఆవిడకి చదవడం వచ్చు. కూర్చున్నాను. ఆవిడ పిల్లలందరికీ పులిహోర పెట్టింది. నేను ముద్ద ముట్టలేదు. తలలు లెక్కపెట్టడం, నీళ్ళవైపు చూడటం, మళ్ళీ లెక్కపెట్టడం, అదే పని. ఒక్క పిల్లకి ఏమైనా అయితే నేను బతికుండి ఏం చెయ్యాలి అనుకున్నాను. అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది. ఆయమ్మ లేచి కొంగు ఊపుతూ ఒక్క కేక పెట్టింది. ఒక పడవ పాయలోకి తిరిగింది.

"పీతల్ని పట్టడానికొచ్చేరా, పీతలకి మేతైపోడానికొచ్చేరా అండీ?" అన్నాడు పడవలోని పెద్దాయన.

మూడు దఫాలుగా దాటించాడు. ఆఖరి దఫాలో నేను దాటి, ఒడ్డున నిలబెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిదే. అమ్మయ్య అనుకున్నాక అక్కడే చతికిలబడి, పిల్లలు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాను. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

పిల్లలు ఉత్తకాళ్ళతో ఇళ్ళకి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆయన బల్లమీద ఫోను మోగుతూనే ఉంది. ఏదీ దాచలేదు. "ఆయమ్మ రెండుసార్లు చెప్పిందండి. నేనే వినలేదు" అన్నాను. ఆయన మోగుతున్న ఫోను కట్టేశారు. చేనుగట్టు కూడా పోయిందనుకున్నాను, అందుకు నాకు మాట్లాడే హక్కు కూడా లేదు. ఆయన ఆయమ్మని పిలిపించి, నన్ను కాకుండా ఆవిణ్ణే అడిగారు.

"ఇంకోసారి పంపిస్తే క్షేమంగా తీసుకొస్తారా?"

"ఆయ్. పోటొచ్చే ఏళ నేను సెప్తానండి. అయితే ఆ విజిలు నాకిప్పించండి. నోటితో సెప్తే టీచరుగారికి ఇనపడదండి."

తల కొట్టేసినట్టయింది. ప్రిన్సిపాల్ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. నేను మెడలోంచి విజిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

రెండు నెలల తర్వాత మళ్ళీ అదే మెరక మీద ఉన్నాం. ఈసారి చెప్పులు ఎవరివి వాళ్ళ చేతుల్లో. పీత తన గుల్ల ఎలా విడుస్తుందో చెబుతున్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకు వింటున్నారు. వాక్యం మధ్యలో ఉండగా విజిల్ మోగింది. నోరు మూసుకుని, పిల్లలకంటే ముందు నేనే లేచి నిలబడ్డాను.