సుద్దపొడి మీద తేలిన గీత

మా చిన్నప్పుడు... అశ్వారావుపేట రోడ్డు మీద మా నాయిన వెల్డింగ్ షెడ్డు ముందు పొద్దున్నే ట్రాక్టర్లు వరుస కట్టేవి. పామాయిల్ గెలలు లాగి లాగి ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే కొక్కేలు దెబ్బతినేవి. పైకి గట్టిగానే కనిపించేవి... ఎక్కడో వెంట్రుకంత పగులు ఉండేది. నిండు ట్రాలీ లాగుతుంటే కొక్కెం పుటుక్కున విరగడానికి అది చాలు.

పగులు పట్టడానికి నాయినకో పద్ధతి ఉండేది. కొక్కేనికి కిరసనాయిలు పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రుద్దేవాడు. పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు మెల్లగా ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత తేలేది. బడి నుంచి సుద్దముక్కలు ఏరుకొచ్చేది నేను. నూరేది నేను. అన్నం తినేటప్పుడు కూడా చేతులు కంపు కొట్టేది నాకే...

మెప్పు మాత్రం మా చెల్లెలు రజితకి. అది అప్పుడు ఐదో తరగతి. చిన్న సుత్తితో కొక్కెం మీద కొట్టి, చెవి ఒగ్గి, "ఇది బొంగురుగున్నది నాయినా" అనేది. సుద్ద పూస్తే నిజంగానే గీత తేలేది.

"దీని చెవి బంగారం" అని నాయిన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఎవరూ లేనప్పుడు నేనూ కొట్టి చూసేదాన్ని... నాకన్నీ ఒకేలా టంగు టంగుమనేవి.

ఒకరోజు డ్రైవర్ వెంకన్న మామ ట్రాక్టర్ తెచ్చాడు. ట్రాలీలో తోట పనికి పోయే ఆడవాళ్ళు దిగి షెడ్డు నీడలో కూర్చున్నారు.

"జల్దీ చూడు బావా, ఎండెక్కుతున్నది" అన్నాడు మామ.

రజిత కొట్టి, పగులుందని చెప్పింది. నాయిన సుద్ద రుద్ది, లోపల సగంలో వదిలిన గేటు పని ముగించడానికి పోతూ, "నువ్వు చూస్తుండు బిడ్డా" అని నాకు అప్పజెప్పాడు.

గీత తేలింది. కొక్కెం మెడ దగ్గర, గోరంత పొడుగు. మళ్ళీ రజితదే గెలుపు... ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఇది తప్పితే ఏం పోతుంది అనిపించింది. గుడ్డ తీసుకుని సుద్దంతా శుభ్రంగా తుడిచేశాను.

"ఏం రాలే నాయినా. మంచిగనే ఉన్నది."

"ఈసారి తప్పినవ్ రజితా" అన్నాడు నాయిన.

"మళ్ళొకసారి సుద్ద పెట్టు నాయినా" అంది అది.

"అక్క చూసింది గదనే."

రజిత తల దించుకుంది. దాచడమెందుకు... నాకు ప్రాణం హాయిగా ఉంది.

ఆ హాయి ఆడవాళ్ళు ట్రాలీ ఎక్కేదాకే. ఒకామె తన పసిబిడ్డను నా చేతుల్లో పెట్టి, "జర పట్టుకో బిడ్డా" అని పైకెక్కింది. ఎక్కి, బిడ్డ కోసం చేతులు చాపింది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

"నాయినా... గీత వచ్చింది. నేనే తుడిచిన."

మామ ఇంజిన్ ఆపాడు. నాయిన మళ్ళీ మొదటి నుంచి అంతా చేశాడు. గీత మళ్ళీ తేలింది. పగులు చివర చిన్న బెజ్జం వేస్తూ, "దీని మొన ఆపకుంటే పాకుతనే ఉంటది" అని మామకు చెప్పాడు. తర్వాత పగులంతా చెక్కి అతికించాడు. ఆడవాళ్ళకు ఆ పూట పని పోయింది. నన్ను నాయిన కొట్టలేదు, తిట్టలేదు. కానీ చాలా రోజులు సుద్ద దగ్గర తనే నిలబడి చూసుకున్నాడు. అంతకన్నా నాలుగు తగిలించినా బాగుండేది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. కొక్కెం మీద అనుమానమొస్తే పీకి పారేసి కొత్తది బిగిస్తున్నారు... కొట్టి వినే ఓపిక ఎవరికుంది?

మొన్న ఫోన్లో రజితకు ఇన్నేళ్ళ నా కుళ్ళంతా కక్కేశాను.

"నా చెవిని మెచ్చుకున్నడు గానీ అక్కా... ఆ రోజు నమ్మింది నీ మాటనే గదా. నీ మీద నాకెంత కుళ్ళుండేదో నీకేం తెల్సు?"

మీ ఇంట్లో మీరు ఎవర్ని చూసి కుళ్ళుకునేవారు? ఇక్కడ రాయండి... రాసేముందు ఒకసారి వాళ్ళనీ అడగండి.