తవిటయ్య మజ్జిగ మానేశాడు

మా కూర్మన్నపాలెం వీధిలో ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవరితో మాట మానేశారో నాకు తెలియకుండా పొద్దు గూకదు. అలాంటి నాకే తవిటయ్య సంగతి చాలా ఆలస్యంగా అందింది.

తవిటయ్యది మా పక్కిల్లే. మా ఆయనా అతనూ స్టీల్‌ప్లాంటులో ఒకే సెక్షన్, కోక్ ఓవెన్స్. బొగ్గు కాల్చే పొయ్యిలు అక్కడ బారులుగా ఉంటాయట, ఆ బారుని వాళ్ళు బ్యాటరీ అంటారు. ఉద్యోగమంతా దాని ముందే గడిచింది. మా ఆయన్ని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకు మరిది. మా ఆయన పోయినా ఆ వరస పోలేదు. అతని భార్య చిలకమ్మా పోయింది. కూతురు రాణి చోడవరంలో కాపురం. ఆదివారాలు ఫోన్ చేస్తుంది.

ఒంట్లో ఏం వచ్చినా తవిటయ్యకి ఒకటే మాట, వేడి చేసింది. తలనొప్పి వచ్చినా వేడే, కన్ను ఎర్రబడినా వేడే. "ఆ బ్యాటరీ ఏడి ఇంకా ఒంట్లోనే ఉందొదినా" అంటూ, బజారు నుంచి వస్తూ మా గేటు దగ్గర నిలబడి మజ్జిగ అడిగి తాగి వెళ్ళేవాడు.

ఈ వేసవిలో అది మానేశాడు. పిలిచి ఇస్తే "ఒద్దొదినా" అని తల దించుకుని వెళ్ళిపోయాడు. అంత ఎండలో మజ్జిగ వద్దనే మనిషేనా? అప్పట్నుంచి కనిపెట్టి చూశాను. పార్కులో పేకాటకి వెళ్ళడం లేదు. యారాడలో చిలకమ్మ తమ్ముడు బాబీకి పడవుంది. బస్సెక్కి వెళ్ళి చేపలు తెచ్చి వీధికి పంచేవాడు, అదీ లేదు. పెళ్ళాం పోయాక పొగరొచ్చిందన్నారు వీధిలో.

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే అతని పెరడు కనిపిస్తుంది. బాత్రూంలోకి వెళ్తాడు, ఎంతకీ రాడు. వచ్చి కుర్చీలో కూలబడతాడు. నేను చీర దులిపేలోపే మళ్ళీ లేస్తాడు. పొగరున్నవాడి నడకలా లేదది.

మా వీధి గౌరీశ్వరి మనవడి అన్నప్రాశన గాజువాకలో చేశారు. బతిమాలి బస్సెక్కించాను. వడ్లపూడి దాటకుండానే లేచి, దిగిపోయి, ఒక గోడ వెనక్కి పరుగెత్తాడు. నేనూ దిగాను. మూడు బస్సులు వెళ్ళిపోయాక వచ్చాడు, మొహం నిండా చెమట.

"ఏటి మరిదీ, అంతసేపు?"

"ఏటీ నేదు. ఏడి సేసింది."

"ఏడి సేస్తే మజ్జిగ తాగుతారు. నువ్వు అదే మానీసినావు కదా!"

"ఇంటికాడ బార్లీ తాగుతన్నానొదినా. బయటికొచ్చిన్నాడు గొంతు తడుపుకోను. తాగితే ఎల్లాలి. ఎల్తే రాదు."

"ఆగాగి వస్తందా? సన్నంగానా?"

"ఓలమ్మో! ఆడమనిషివి, ఏటా అడగడం?"

"ఒదినని. అడుగుతాను. సిలకమ్మ ఉంటే అడగదేటి?"

ఆ పేరు వినేసరికి బస్టాపు బల్ల మీద కూర్చుండిపోయాడు.

"రాత్రంతా లెగడమే సరిపోతంది. తుంటికాడ లాగుతంది, అదంటే డ్యూటీలో పట్టిన నడుం నొప్పి అనుకో. ఒకపాలి ఎర్రగా కూడా వచ్చింది. ముందురోజు బీట్‌రూట్ ఒండుకున్నాను, అదే అనుకున్నాను."

"అదేనని ఎవలు సెప్పారు?"

"నాకు నానే సెప్పుకున్నాను. ఇంకెవలున్నారు?"

"రాణికి సెప్పలేదా?"

"ఆడపిల్లకి ఏటని సెప్తానొదినా?"

మా అన్న గవర్రాజుకీ ఇలాగే ఉండేది. డాక్టరు ప్రోస్టేట్ అన్నారు. అతనికి ఉత్త వాపే, మాత్రలతో సర్దుకుంది. ఆ మాటే చెప్పాను. "నీదీ అదే అవొచ్చు, కాకపోవచ్చు. అది తేల్చాల్సింది నువ్వూ కాదు, నానూ కాదు."

మర్నాడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు నా ప్రశ్నలకి విసుక్కోకుండా చెప్పారు. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రసంచి కింద ఉండే చిన్న గ్రంథి, వయసుతో పెరుగుతుంది. చాలామందికి అది కేన్సర్ కాదు. కొందరికి అవుతుంది, మొదట్లో ఏ గుర్తూ ఇవ్వకపోవచ్చు కూడా. అందుకే యాభై దాటిన మగవాళ్ళు రక్తపరీక్ష సంగతి డాక్టరుని అడగాలి. ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా ముందే అడగాలి. నెత్తురు ఒక్కసారి కనబడినా ఊరుకోకూడదు.

"మీ నాన్నగారికి ఇలాంటిదేమైనా ఉండేదా?" అని అడిగారు.

"మా అయ్య నడుం పట్టీసి, ఉచ్చ బిగిసిపోయి పోయాడండి. ఏడి అన్నారు."

డాక్టరుగారు అది చీటీ మీద రాసుకున్నారు. "ఇంట్లో మీతో ఎవరుంటారు?"

తవిటయ్య నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఎవలూ నేరండి."

రక్తం తీశారు, ఆ తర్వాత ముక్క తీసి పరీక్షకి పంపారు, స్కాన్ చేశారు. కేన్సరే. తుంటి ఎముకకి పాకింది. పూర్తిగా పోదు, ఇంజెక్షన్లతో అణిచి ఉంచవచ్చు, అలా చాలాకాలం బతికినవాళ్ళున్నారు అన్నారు. ముందే వచ్చి ఉంటే అని సగంలో ఆపేశారు. రాణి వచ్చి ఏడ్చింది, ఉన్నన్నాళ్ళు ఉంది, పిల్లల బడి కోసం వెళ్ళింది. రమ్మంటే ఇతను వెళ్ళలేదు. కొత్తచోట బాత్రూం ఎంత దూరమో అని భయం.

మొన్న మార్గశిరం చలిలో, పొద్దున్నే మా గేటు చప్పుడైంది. తవిటయ్య. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆ ఇంజెక్షన్లకి ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయని డాక్టరు ముందే చెప్పారు.

"ఒదినా, ఇప్పుడు నిజంగానే ఏడి. బ్యాటరీ ముందర నిలబడినట్టుంది. మజ్జిగుందా?"

ఇచ్చాను. చాలారోజుల తర్వాత, నిలబడే గ్లాసు ఖాళీ చేశాడు. మా పెరట్లో బాత్రూంకి వెళ్ళొచ్చాడు. వెళ్ళబోతూ గేటు పట్టుకుని ఆగాడు.

"సిలకమ్మ ఉంటే ముందే కనిపెట్టీసేదంటావా?"

"నాను కనిపెట్టలేదేటి?"

"కనిపెట్టినావు" అన్నాడు. "గోడవతల నుంచి."

గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. మేడెక్కి చూస్తే అతని పెరట్లో కుర్చీ ఖాళీగా ఉంది. బాత్రూం తలుపు వేసి ఉంది. బట్టలన్నీ ఆరేశాను, అది ఇంకా తెరుచుకోలేదు.