వాన లేదన్న రేడియో, పొగ లేని చిమ్నీ

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో పొద్దున లేవగానే వాతావరణం రెండు చోట్ల తెలిసేది. ఒకటి అల్మారా మీది రేడియో... రెండోది పవర్‌హౌస్ చిమ్నీ.

రేడియోలో రోజూ ఒకే ముచ్చట... అక్కడక్కడ జల్లులు పడవచ్చు, లేదా పడకపోవచ్చు. మా బాపు వేపపుల్ల నములుతూ "అక్కడక్కడ అంటే ఎక్కడనో చెప్పడు గద" అనేవాడు. పక్క క్వార్టర్‌లో ఉండే రజియా ఖాలా గోడ అవతలి నుంచి "మన దగ్గర తప్ప అంతట అన్నా" అని జవాబిచ్చేది.

చిమ్నీ అలా కాదు. వాకిట్లో నిలబడితే కనిపించేది. పొగ గోదావరి వైపు వంగితే ఆ రోజంతా ఎండ. మా క్వార్టర్ల వైపు తిరిగితే మాత్రం... ముందు ఆరేసిన బట్టల మీద మసి, ఆ తర్వాత వాన. ఖాలా వడియాలు పెట్టాలన్నా, అమ్మ బొంతలు ఉతకాలన్నా ముందు తలెత్తి పొగ చూడాల్సిందే. రేడియో కన్నా అదే నయం.

బాపుది అండర్‌గ్రౌండ్ గనిలో మొదటి షిఫ్టు. దిగాక ఎనిమిది గంటలు ఆకాశం ఉండదు. అందుకే షిఫ్టు మారేటప్పుడు, కిందికి దిగిన రెండో షిఫ్టు వాళ్ళను అందరూ అడిగే మొదటి మాట... "పైన ఎట్లున్నదే?"

నేను అయిదో తరగతిలో ఉన్న ఎండాకాలం, బాపు క్వార్టర్లకు దగ్గర్లో కొన్న మా ప్లాటులో ఇటుకలు కోశాడు. కంపెనీ క్వార్టర్ ఎప్పటికీ కంపెనీదే, డ్యూటీ అయిపోయిన నాడు ఖాళీ చెయ్యాలి. సొంతంగా రెండు గదులు ఉండాలని ఆయన పట్టుదల. రెండు నెలలు... డ్యూటీ నుంచి రావడం, రొట్టె తినడం, మట్టి తొక్కడం. ఒక్క సినిమా లేదు, ఒక్క పెళ్లికి పోలేదు. ఇటుకలన్నీ పచ్చివే. ఇంకో మూడు రోజులు ఎండితే ఆదివారం బట్టీ పెట్టి కాల్చడమే.

ఆ మూడు రోజులు పొగ చూసే పని నాకు అప్పజెప్పాడు. "పొగ మన దిక్కు తిరిగితే అమ్మకు చెప్పు బిడ్డా, ఇటుకల మీద కప్పిన పరదాలు తియ్యద్దు. లేకుంటే తీసి ఎండనియ్యాలె." నాకు అది పెద్ద కొలువు దొరికినట్టే.

రెండో రోజు పొద్దున బాపు వెళ్ళిపోయాక వాకిట్లోకి వచ్చి చూశాను. చిమ్నీకి పొగే లేదు. అటూ లేదు, ఇటూ లేదు. గాలే లేదు కాబోలు అనుకున్నాను. లోపల రేడియో కూడా పొడి వాతావరణం అంది. "పొగ మన దిక్కు లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు కదా. అమ్మ ప్లాటుకు పోయి పరదాలన్నీ తీసేసింది.

ఒంటిపూట బడి... ఇంటికొచ్చి అన్నం తింటున్నాను. తలుపులు టపటపా కొట్టుకున్నాయి. ఖాలా గోడ మీదుగా "అక్కా, ఇటుకలు... జల్ది రా" అని కేకేసింది. ముగ్గురం ఉరికాం. మేము చేరేసరికే గాలిదుమారం. పరదా ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస లేచిపోతోంది. ఖాలా ఒక పరదా మీద ఏకంగా పడుకుంది. అయినా ఏం లాభం... గంట సేపు కుమ్మింది. వాన వెలిసేసరికి ఇటుకలు ఇటుకల్లా లేవు. మట్టి కుప్ప.

చిమ్నీ రిపేరు కోసం ఆగిందట. పొగ లేకపోవడానికీ గాలికీ సంబంధం లేదు. ఆ సంగతి ఖాలా అప్పుడు చెప్పింది.

గని పైకి రాగానే బాపుకు ఎవరో చెప్పి ఉంటారు. స్నానం కూడా చెయ్యకుండా, బొగ్గు మొహంతోనే సైకిల్ మీద నేరుగా ప్లాటుకు వచ్చాడు. గొంతుక్కూర్చుని తడి మట్టిని కొంచెం చేతిలోకి తీసుకుని చూశాడు. నేను అమ్మ వెనక నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు.

"రేడియోడు ముంచిండు" అన్నాడు. అంతే.

ఇల్లు మరో ఏడాది ఆలస్యమైంది. మళ్ళీ ఎండాకాలం, మళ్ళీ మట్టి తొక్కడం. అప్పటి నుంచి వాతావరణ వార్తలు రాగానే బాపు తిట్లు మొదలు... "వచ్చిండు అబద్ధాలోడు." అందరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వలేకపోయేదాన్ని. నా తప్పంతా రేడియో మోస్తోందని నాకొక్కదానికే తెలుసు.

బాపు రిటైరై ఆ ఇంట్లోనే ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఫోన్లో చూసి వాన లేదని చెప్పాను. అమ్మ మిరపకాయలు ఆరబోసింది. అరగంటలో వాన. అన్నీ ఎత్తిపోశాక బాపు "ఇది రేడియోడి చుట్టమే" అన్నాడు. ఇక ఆగలేక చెప్పేశాను... ఆ రోజు పొగ లేకపోతే గాలి లేదనుకున్నానని.

బాపు ఒక తడి మిరపకాయ తీసి తుండుతో తుడిచాడు.

"నేను సూసిన బిడ్డా" అన్నాడు. "డ్యూటీకి పోంగ తొవ్వలనే సూసిన, చిమ్నీ బంద్ ఉన్నది. ఎనుకకు వచ్చి నీకు చెప్తే మస్టర్ పడదు, ఆ పొద్దు జీతం పోతదని పోయిన. కింద ఆ పొద్దంత అదే ఫికర్. నీ మొకం జూడలేక రేడియోను తిట్టిన."

అమ్మ మిరపకాయలు తుడుస్తూ "ఇద్దరు ఇద్దరే... పాపం, గా రేడియోకు గిన్నేండ్లు తిట్లు తినిపిస్తిరి" అంది.

బాపు ఇప్పుడు లేడు. రేడియో అదే అల్మారా మీద ఉంది, పలకదు. ఫోను గంట గంటకూ వాన చెబుతుంది... చాలాసార్లు తప్పే చెబుతుంది. తిట్టేవాళ్ళే లేరు.

మీ ఇంట్లో తప్పులన్నీ దేని మీదికి తోసేవాళ్ళు... గుర్తుంటే రాయండి.