ఛాతీలో ఆగిన ముద్ద

ఆ రోజు ఉదయం ఇడ్లీ రెండో ముక్క ఛాతీ మధ్యలో ఆగిపోయింది. నీళ్లు తాగితే అవీ దాని మీదే నిలిచాయి. కాసేపటికి అన్నీ కలిసి వెనక్కి వచ్చేశాయి.

"నెమ్మదిగా తినండి, ఎవరూ లాక్కోరు" అని నవ్వింది మా ఆవిడ. వారం తిరక్కుండా మళ్లీ అలాగే జరిగింది. ఈసారి ఆమె నవ్వలేదు.

మాది కడియం దగ్గర పల్లె. నీటిపారుదల శాఖలో రిటైరయ్యాను. రోజూ డైరీ రాసే అలవాటు కనుక ఏది తింటే ఆగుతోందో డాక్టరుగారికి వరసగా చెప్పగలిగాను. గ్యాస్ అని మాత్రలిచ్చారు. తగ్గలేదు. రాజమండ్రిలో ఎండోస్కోపీ చేసి అడ్డమేమీ లేదన్నారు. క్యాన్సర్ కాదని ఇంట్లో అందరూ కుదుటపడ్డారు. నేను మాత్రం చిక్కిపోతూనే ఉన్నాను.

రెండో డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి నా చేతులు పట్టుకు చూశారు.

"చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడతాయాండీ?"

"నాలుగైదేళ్లుగా అంతేనండి. వయసనుకున్నాను."

ఆయన, కీళ్లవాతం లాంటి జబ్బులు చూసే రుమటాలజిస్ట్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. రక్తపరీక్షలు, ముక్కులోంచి గొట్టం వేసి అన్నవాహిక బలం కొలిచే మానోమెట్రీ అయ్యాక పేరు తెలిసింది: సిస్టమిక్ స్క్లిరోసిస్. రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. చర్మం బిగుసుకున్నట్టే లోపల అన్నవాహికా పాడవుతుంది.

"అన్నవాహికకు పోయిన బలం తిరిగి రాదండి" అన్నారు డాక్టరమ్మ. "తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవాలి. కొంచెం కొంచెంగా తినండి. తిన్నాక మూడు గంటలు పడుకోకండి."

మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. అన్నం మెత్తగా పిసుక్కుని తిన్నాను. కొన్నాళ్లు బాగానే గడిచింది.

తర్వాత పిఠాపురంలో మా బావమరిది శ్రీను గృహప్రవేశం. నా జబ్బు సంగతి అతనికి అప్పటిదాకా చెప్పలేదు. భోజనాల బంతిలో కూర్చుని రెండు ముద్దల పప్పన్నం తిని, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తియ్యండి బావగారూ. మా బొబ్బట్టు మీద అంత కోపమేంటండీ?"

"వద్దు శ్రీనూ, దిగదు."

"నెయ్యి పోస్తానండి, అదే జారుతుంది. అక్కా, ఈయన్ని పస్తులు పెడుతున్నావా ఏంటి?"

బంతంతా నవ్వింది. మా వైపు ఆకు దగ్గర వద్దంటే మొహమాటమనుకుంటారు. మూడోసారికి వడ్డించేస్తారు. తిన్నాను. ఛాతీ బరువెక్కి కూర్చోలేక, లోపలి గదిలో చాప మీద ఒరిగాను. నిద్రలోనే తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయింది.

కాకినాడలో ఐసీయూ, ఆక్సిజన్, ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్. ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నారు. "నేనే పెట్టానక్కా" అని శ్రీను బయట అదే మాట అంటూ కూర్చున్నాడట. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు, "ఇంకోసారి ఇలా అయితే నేను మాట ఇవ్వలేనండి" అన్నారు.

ఇప్పుడు జావ, మిక్సీ పట్టిన అన్నం, మందులు. వీధి చివరిదాకా నడిస్తే ఆయాసం. శ్రీను వస్తూనే ఉంటాడు. నేను జావ గ్లాసు అందుకోగానే లేచి వరండాలోకి వెళ్లిపోతాడు.

ఈ జబ్బున్నవారికి నేను చెప్పేది ఒక్కటే. ఎవరైనా భోజనానికి పిలిస్తే, పిలిచిన రోజే మీ జబ్బు పేరు చెప్పండి. బలవంతపెడితే ప్రాణం మీదికి వస్తుందని కూడా చెప్పండి. ఆకు ముందు కూర్చున్నాక చెబితే మనవాళ్లెవరూ నమ్మరు.