తాడు దిగాక

తాడు బావ తన ముప్ఫై ఏళ్ల సర్వీసులో తుడిచిన కిటికీ అద్దాలన్నీ వరసగా పరిస్తే చంద్రుడి దాకా బాట పడుతుంది. దానిమీద వెతికినా ఒక్క మరక దొరకదు. ఇరవై అంతస్తుల మేడలకు తాడుతో వేలాడుతూ అద్దాలు కడిగేవాడు కాబట్టి ఆ పేరు.

అంత ఎత్తున ఒంటిమీద గీత పడని మనిషి. చెవిలో ఏదో తేడా వచ్చి కళ్లు తిరుగుతున్నాయని డాక్టరు కిందికి దింపితే, కంపెనీ ఆయన్ని తాళ్లిచ్చే స్టోర్లో కూర్చోబెట్టింది. నేలమీద మొదటి నెలలోనే బీరువా తలుపు సందున గోరు పోయింది, తడి గచ్చుమీద జారి మోచెయ్యి విరిగింది.

ఇంట్లో అందరూ కలిస్తే ఎవరి పని ప్రమాదమని పోటీ. హోటల్లో వంటమాస్టరైన బావమరిది మరిగే నూనె గురించి చెప్పేవాడు. బావ భార్య తన కుట్టుమిషను సూది వేల్లో దిగిన మూడుసార్లూ చెప్పేది. ఒకప్పుడు బావ నోరు తెరవకుండానే గెలిచేవాడు.

"ఇప్పుడు నీ ప్రమాదమల్లా కునికిపాట్లు పడుతూ కుర్చీలోంచి పడటమే కదా బావా," అన్నాడు బావమరిది ఒకరోజు. అందరూ నవ్వారు. బావ నవ్వు సగంలోనే ఆగింది.

మళ్లీ తాడెక్కనివ్వమని కంపెనీ చుట్టూ తిరగ్గా తిరగ్గా చివరికి పరీక్షకు ఒప్పుకున్నారు. కళ్లు మూసుకుని, ముప్ఫై లెక్కపెట్టేదాకా ఒంటికాలి మీద నిలబడాలి. నెల రోజులు వసారాలో కొంగజపం చేశాడు. తీరా సోమవారం డాక్టరు ముందు పంతొమ్మిది దగ్గర తూలి గోడ పట్టుకున్నాడు. ఇంక స్టోరే గతి.

సాయంత్రం సంగతి తెలిసి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. లోపలి గదిలో మిషను గడగడలాడుతూనే ఉంది. పైన గద్దలు బావ ఏడని అడుగుతున్నాయనీ, పదహారో అంతస్తు గాలికి బెంగతో జ్వరం తగిలిందనీ ఏవేవో చెప్పి నవ్వించబోయాడు. బావ నవ్వలేదు.

"అంత ఎత్తు అలవాటైన ప్రాణం, ఆ మోజు ఎక్కడికి పోతుందిలే బావా," అన్నాడు చివరికి.

బావ లోపలి గది వైపు ఒకసారి చూశాడు.

"ఎత్తంటే నాకు మొదట్నుంచీ భయమేరా. తాడెక్కిన రోజుల్లో నేనొచ్చే వేళకి, అయిదున్నరయ్యేసరికి మీ అక్క మిషను ఆపేసి మెట్ల దగ్గర నిలబడేది. స్టోర్లో వేశాక ఆపట్లేదు."